సున్నం పట్టీ లేని చెట్టు

ఫిబ్రవరి ఏడో తారీఖు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం నాహిద్ టిఫిన్ డబ్బాలో బగారా అన్నం, వంకాయ కూర, ఒక ఉడకబెట్టిన గుడ్డు ఉన్నాయి. ఆ తారీఖూ, ఆ కూర రుచీ ఆమెకి ఇప్పటికీ గుర్తే. డబ్బా మొత్తం నాలుగు నిమిషాల్లో ఖాళీ చేసిందని కూడా గుర్తే.

“మెల్లిగా తినవే, పొలమారుతుంది,” అంది గ్లోరి.

“నువ్వే తొందరగా తిను. అందరికంటే ముందు మన వరుస అయిపోవాలి,” అంది నాహిద్ నోటినిండా గుడ్డుతో.

ఐదో తరగతి పిల్లలందరూ ఆ రోజు పెద్దడవికి వచ్చారు. తిరువూరుకి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, గుట్టల మీద ఉంది ఆ అడవి. ఎవరూ నాటింది కాదు. ఎప్పటినుంచి ఉందో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి ఒక సంఘం పెట్టుకుని ఆ అడవిని చూసుకుంటున్నారు. అడవిని పది భాగాలు చేశారు. ఏడాదికి ఒక్క భాగంలోనే కర్ర కొడతారు. మళ్ళీ పదేళ్ళ దాకా ఆ భాగం జోలికి ఎవరూ పోరు. మామిడి తోటల్లో కాయల బరువుకి కొమ్మలు వంగిపోతే పెట్టే ఊతకర్రలు అక్కడినుంచే వస్తాయి. ఎన్నేళ్ళుగా తెస్తున్నా అడవి తరగలేదు.

కర్ర కొట్టడానికి ముందు రోజు, ఉంచాల్సిన చెట్లకి సున్నంతో తెల్ల పట్టీ వేస్తారు. పట్టీ ఉంటే చెట్టు ఉంటుంది. లేకపోతే తెల్లవారగానే రంపం వస్తుంది. ఈసారి ఆ పనిలో ఒక మూల పిల్లలకి ఇచ్చారు. ఇద్దరిద్దరికి ఒక వరుస, ఒక చిన్న బకెట్, ఒక కుంచె.

ఎలా చెయ్యాలో పొద్దున్నే అడవి కాపలా మరియదాసు తాత చెప్పాడు.

“ఒక మోడు నుంచి నాలుగైదు పిలకలు లేస్తాయమ్మా. అందులో నిటారుగా, బలంగా ఉన్న ఒక్కదానికి పట్టీ వెయ్యండి. మిగతావి కొడితేనే అది ఎదుగుతుంది.”

నాహిద్ అంతవరకూ విన్నది. ఒకచోట కూర్చుంటే ఆమె మోకాలు దానంతటదే ఊగుతుంది. బళ్ళో బెంచీ కూడా ఊగుతుంది. ఆ పొద్దున ఆమె కాలి పక్కనుంచి ఒక చీమల బారు పోతోంది. చీమలు ఒక పచ్చ పురుగుని లాక్కుపోతున్నాయి. నాహిద్ వాటి వెంట వంగి వంగి నడిచింది. ఆ తర్వాత తాత ఇంకేదో చెప్పాడు. అది ఆమె చెవిన పడలేదు.

అన్నాలయ్యాక పని మొదలైంది. నాహిద్ కుంచె పట్టుకుంది. గ్లోరి బకెట్ మోసింది.

“ఇది నిటారు. వేసెయ్. ఇది వంకర. పద పద!”

“ఉండవే, సున్నం నా గౌను మీద పడుతోంది.”

“ఉతికితే పోతుందిలే. రా!”

వరుసలో చివర, కాలిబాటకీ చిన్న వాగుకీ మధ్య, ఒక ముసలి చెట్టు ఉంది. మొదలు ఇద్దరు పిల్లలు చేతులు చాచి పట్టుకునేంత లావు. మనిషి వంగినట్టు ఒక పక్కకి వంగి ఉంది. బెరడంతా పగుళ్ళు. నాహిద్ పిడికిలితో దాన్ని రెండుసార్లు తట్టింది. లోపలినుంచి గుల్లగా చప్పుడు వచ్చింది.

“డొల్ల!” అంది నాహిద్.

వాళ్ళ అబ్బా జమీల్‌కి తిరువూరులో కార్పెంటర్ షాపు ఉంది. దుంగ రాగానే తట్టి చూసి, ఏది గట్టిదో ఏది డొల్లో చెప్పడం నాహిద్‌కి ఆరేళ్ళప్పుడే వచ్చేసింది. షాపుకి వచ్చినవాళ్ళు “భలే చెప్పిందే పిల్ల!” అని మెచ్చుకునేవాళ్ళు.

“ఆగవే,” అంది గ్లోరి. “వెనక్కెళ్ళి చూద్దాం. డొల్లగా ఉంటే ఏదో చెయ్యమన్నాడు కదా తాత?”

“నీకేం తెలుసు? మాది కార్పెంటర్ షాపు. డొల్ల చెక్క పొయ్యిలోకే. రా, వాళ్ళు మనల్ని దాటిపోతున్నారు!”

గ్లోరి ఒకసారి చెట్టుకేసి చూసింది. తర్వాత బకెట్ పట్టుకుని నాహిద్ వెనకాల పరుగెత్తింది.

వాళ్ళే మొదట వచ్చారు. వినీల టీచర్ చెట్టు నీడన కూర్చుని పేర్లు రాసుకుంటోంది.

“అప్పుడే అయిపోయిందా? అరగంటేగా అయింది! అన్ని చెట్లూ చుట్టూ తిరిగి చూశారా?”

“చూశాం టీచర్!” అంది నాహిద్. గ్లోరి వంగి గౌను మీది సున్నం దులుపుకుంది.

టీచర్ నోట్‌బుక్‌లో వాళ్ళ పేర్ల పక్కన ఒక స్టార్ వేసింది. “సోమవారం ప్రేయర్‌లో మీ ఇద్దరి పేర్లు చదువుతాను,” అంది.

*

సాయంత్రం నాహిద్ షాపులో కూర్చుంది. అబ్బా ఒక తలుపుకి చిత్రిక పడుతున్నాడు. చెక్క పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా కింద పడుతోంది. రోజూ అయితే ఆ ఉంగరాలు ఏరి వేళ్ళకి పెట్టుకునేది. ఇవాళ మోకాలు ఊగుతూనే ఉంది.

డొల్లగా ఉంటే ఏదో చెయ్యమన్నాడు కదా తాత?

ఆ మాట పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉంది. ఎంతకీ పోవడం లేదు. ఇంటికెళ్ళి అమ్మీ ఫోన్ తీసుకుని గ్లోరికి చేసింది.

“గ్లోరీ, పొద్దున తాత డొల్ల చెట్ల గురించి ఏం చెప్పాడు?”

“ఇంటికొచ్చాక సరిగ్గా గుర్తొచ్చింది. డొల్ల చెట్టుకి అన్నిటికంటే ముందు పట్టీ వెయ్యమన్నాడే! తొర్రల్లో పిట్టలుంటాయంట. ముసలి చెట్టు కనపడితే వెనక వైపు తొర్ర ఉందో లేదో చూడమన్నాడు.”

“మరి అప్పుడు గట్టిగా చెప్పొచ్చుగా?” అంది నాహిద్.

“చెప్పాగా! నీకేం తెలుసు అన్నావ్. టీచర్ మళ్ళీ చూస్తారేమోలే. అమ్మ పిలుస్తోంది, ఉంటా.”

టీచర్ మళ్ళీ చూడలేదని నాహిద్‌కి తెలుసు. అందరితోపాటు టీచర్ కూడా ఆటో ఎక్కి వచ్చేసింది. అడవిలో తాత గుడిసె దగ్గర ఫోన్ సిగ్నల్ రాదు. ఇప్పుడే అబ్బాకి చెప్పాలి. అబ్బాకి చెబితే టీచర్‌కి తెలుస్తుంది. టీచర్‌కి తెలిస్తే స్టార్ పోతుంది. చూశాం టీచర్ అని అరిచి చెప్పింది కదా, ఆ అబద్ధం కూడా బయటపడుతుంది.

అన్నం తినేటప్పుడు చెబుదామనుకుంది. చెప్పలేదు. అబ్బా నమాజుకి వెళ్ళొచ్చాక చెబుదామనుకుంది. అప్పుడూ చెప్పలేదు.

పడుకున్నాక ఇటు దొర్లింది, అటు దొర్లింది. పక్కన పడుకున్న దాదీ లేచి కూర్చుంది.

“ఏంటే అలా పొర్లుతున్నావ్? కడుపునొప్పా?”

“ఏం లేదు దాదీ.”

మహబూబీ దాదీ మనవరాలి జుట్టులో వేళ్ళు పెట్టి నిమురుతూ కూర్చుంది. నాహిద్‌కి ఏడుపొచ్చింది. దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

పొద్దున మసీదునుంచి అబ్బా వచ్చేసరికి నాహిద్ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్క గుక్కలో మొత్తం చెప్పేసింది.

జమీల్ విన్నాడు. బైకు తాళం జేబులోనే ఉంది.

“రాత్రే చెప్పాల్సింది, బేటా,” అన్నాడు. అంతే అన్నాడు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

*

గుట్ట కింద బైకు ఆపగానే పైనుంచి మిషన్ రంపం చప్పుడు వినపడింది.

నాహిద్ పరుగెత్తింది. కాలిబాట మీద ఎండుటాకులు జారుతున్నాయి. “ఆపండి! ఆపండి!” అని అరిచింది. రంపం చప్పుడులో ఆ అరుపు ఆమెకే వినపడలేదు.

ఉన్నట్టుండి రంపం ఆగింది. ఒక్క క్షణం అడవంతా నిశ్శబ్దం. తర్వాత పెద్ద చప్పుడు. కాళ్ళ కింద నేల అదిరింది.

ఆమె వెళ్ళేసరికి ముసలి చెట్టు పడిపోయి ఉంది.

దాని పక్కన బసవపున్నయ్య గారు నిలబడి ఉన్నారు. రెడ్డిగూడెం వైపు ఆయనకి మామిడితోట ఉంది. ఈ ఏడాది ఊతకర్రల వంతు ఆయనది. ఇద్దరు మనుషుల్ని తెచ్చుకున్నారు. పైన రెండు రామచిలుకలు గింగిరాలు తిరుగుతూ అరుస్తున్నాయి.

“దీనికి పట్టీ వెయ్యాలండీ!” అంది నాహిద్ రొప్పుతూ.

“వెయ్యాలంటే వెయ్యాలి గానీ, ఇప్పుడొచ్చి చెబితే ఎలా పాపా?” అన్నారాయన విసుగ్గా. “పట్టీ లేనిది కొట్టమన్నారు. కొట్టాం. కొట్టాక చూస్తే ఇదీ సంగతి.”

భుజం మీది తువ్వాలు ఆయన చేతుల్లో మూటలా ఉంది. మెల్లగా విప్పి చూపించారు. మూడు చిలక పిల్లలు. ఒంటినిండా ఈకల మొలకలు. నోళ్ళు తెరిచి మెడలు ఊపుతున్నాయి. చలి తగలకుండా ఆయన తువ్వాలు మళ్ళీ కప్పారు. అంత పెద్ద చేతులు అంత మెత్తగా కదలడం చూసి నాహిద్‌కి కొంచెం ధైర్యం వచ్చింది.

మరియదాసు తాత గుడిసెనుంచి పరుగున వచ్చాడు. పడిన చెట్టుని, తర్వాత చిలక పిల్లల్ని చూశాడు.

“ఇది ఎవరి వరుసలోది?”

నాహిద్ ఒక అడుగు ముందుకేసింది. “నాదే తాతా. గ్లోరి చూద్దామంది. నేనే వద్దన్నా. డొల్ల కదా, పనికిరాదనుకున్నా. అరగంటలో ముగించేసి, టీచర్‌తో అన్నీ చూశామని చెప్పా. అది కూడా అబద్ధమే.”

తాత కోప్పడలేదు. చెట్టు మోడు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

“నాకు అరవై ఎనిమిదేళ్ళు. నేను నీ అంత ఉన్నప్పుడు కూడా ఈ తొర్రలో చిలకలే. ఊతకర్ర పదేళ్ళలో మళ్ళీ వస్తుందమ్మా. తొర్ర రావాలంటే చెట్టు ముసలిదవ్వాలి. దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు.”

“తప్పు నాది కూడా ఉంది,” అన్నాడు జమీల్. “డొల్లయితే పొయ్యిలోకే అని నేర్పింది నేనే. నాకు చెక్క తెలుసు మరియదాసు గారూ. చెట్టు తెలీదు.”

పైన చిలకలు ఇంకా అరుస్తున్నాయి. కింద పిల్లల నోళ్ళు ఇంకా తెరుచుకునే ఉన్నాయి.

“ఇవి బతుకుతాయా తాతా?”

“తల్లి మేపితే బతుకుతాయి. తల్లి రావాలంటే గూడు ఉండాలి. గూడేమో నేల మీద ఉంది.”

నాహిద్ పడిన చెట్టు దగ్గరికి వెళ్ళింది. నిన్న తిరగని వైపుకి ఇప్పుడు తిరిగి చూసింది. మొదలునుంచి మనిషెత్తు దూరంలో గుండ్రటి తొర్ర. అంచులు నున్నగా అరిగి ఉన్నాయి. ఎన్ని చిలకలు ఎన్నేళ్ళుగా వచ్చి పోతే అలా అరుగుతుందో!

“అబ్బా, ఈ ముక్క వరకు కోసి పక్క చెట్టుకి కట్టలేమా? అడుగున చెక్క కొడితే?”

జమీల్ తాతకేసి చూశాడు.

“గాలివానకి చెట్టు పడినప్పుడు ఒకటి రెండుసార్లు అలా కట్టాం,” అన్నాడు తాత. “ఒకసారి తల్లి వచ్చింది. ఒకసారి రాలేదు.”

“కడదాం,” అన్నాడు జమీల్. బైకు సంచిలోంచి సుత్తి, మేకులు తీశాడు.

తొర్రకి పైన ఒక మూర, కింద ఒక మూర వదిలి దుంగ కోశారు. జమీల్ అడుగున ఒక పలక, పైన ఒక పలక బిగించాడు. నాహిద్ తొర్రలోంచి రాలిన మెత్తటి పొట్టుని దోసిళ్ళతో ఎత్తి మళ్ళీ లోపల పోసింది. పక్కనే తెల్ల పట్టీ ఉన్న పెద్ద నల్లమద్ది చెట్టు ఉంది. బసవపున్నయ్య గారి మనిషి నిచ్చెన వేసి ఎక్కాడు. ఆయన కింద తాడు పట్టుకున్నారు.

“ఆగండి!” అంది నాహిద్. అందరూ ఆగారు. ఆమె మోడు దగ్గరికి వెళ్ళి, చెట్టు పడిన తీరు చూసి, లేచి చెయ్యి చాపింది. “తొర్ర బాట వైపు లేదు. వాగు వైపు ఉండేది. ఇప్పుడూ అటే ఉండాలి.”

“నిజమే,” అన్నాడు తాత. దుంగని వాగు వైపు తిప్పి కట్టారు. బసవపున్నయ్య గారు మూట పైకి అందించారు. ఒకటి, రెండు, మూడు. పిల్లలు లోపలికి వెళ్ళిపోయాయి.

“ఇంక అందరూ దూరంగా పదండి. మధ్యాహ్నం లోపు తల్లి రాకపోతే ఫారెస్టు వాళ్ళకి అప్పగించాలి. మన చేతిలో ఏమీ లేదు,” అన్నాడు తాత.

చిలకలు మాత్రం ఎక్కడికో ఎగిరిపోయాయి.

*

“సరే, ఇంక మా పని మేము చేసుకుంటాం,” అన్నారు బసవపున్నయ్య గారు. “ఈ వరుసే ముందు కానిద్దాం.”

“వద్దండీ,” అంది నాహిద్. “ఈ వరుస నేను మళ్ళీ చూడాలి. అప్పటిదాకా ఆ చివర చేసుకోండి.”

“మళ్ళీనా? నిన్న అరగంటలో అయిపోయిందన్నావుగా?”

“అందుకేనండీ.”

ఆయన నవ్వాపుకోలేక తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. “సరే తల్లీ, చూడు. ఎండెక్కితే మా వాళ్ళు నన్ను తిడతారు, పడతాలే.”

తాత దగ్గర సున్నం తీసుకుని నాహిద్ బయల్దేరింది. ఈసారి ప్రతి చెట్టు చుట్టూ తిరిగింది. పైకి చూసింది. చెవి ఆనించి విన్నది. కాళ్ళు ముందుకి లాగుతూనే ఉన్నాయి. అలా లాగినప్పుడల్లా అదే చెట్టు చుట్టూ ఇంకోసారి తిరిగింది.

పదకొండో చెట్టు దగ్గర ఆగింది. ఒక ఎండు మాను. ఆకు ఒక్కటి లేదు. నిన్న దాన్ని చూడను కూడా లేదు. దాని నెత్తిన గుండ్రటి రంధ్రం ఉంది. లోపలినుంచి ఎర్ర కుచ్చుతో ఒక తల బయటికి వచ్చి ఆమెకేసి చూసింది.

“అబ్బా! వడ్రంగి పిట్ట!” అని గుసగుసగా పిలిచింది.

“మన పని చేసేవాడే,” అన్నాడు జమీల్ గుసగుసగా. “వెయ్యి పట్టీ.”

వరుస పూర్తయ్యేసరికి పది దాటింది. నాహిద్ వచ్చి నల్లమద్ది చెట్టుకి దూరంగా, ఒక పొద చాటున కూర్చుంది. తొర్ర అక్కడినుంచి కనపడుతుంది.

“కదలకూడదు మరి,” అన్నాడు తాత. “కదిలితే రావు.”

మోకాలు ఊగబోయింది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. చెంప మీద దోమ వాలింది. కొట్టలేదు. పాదం తిమ్మిరెక్కింది. తీయలేదు. తాత చప్పుడు కాకుండా ఒక సీసాతో నీళ్ళు ఆమె చేతికి అందేలా పెట్టి వెళ్ళాడు.

ఒక చిలక వచ్చి పై కొమ్మ మీద వాలింది. తొర్రని చూసింది. ఎగిరిపోయింది. నాహిద్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా కదల్లేదు.

మళ్ళీ వచ్చింది. ఈసారి కింది కొమ్మ మీదికి దిగింది. తల వంచి విన్నది. లోపల పిల్లలు సన్నగా అరుస్తున్నాయి. చిలక దుంగ మీదికి పాకింది. ఆగింది. ఇంకొంచెం పాకింది. తల లోపల పెట్టింది. తర్వాత పచ్చటి తోక కూడా లోపలికి వెళ్ళిపోయింది.

నాహిద్ ఊపిరి వదిలింది. పొదల వెనకనుంచి బసవపున్నయ్య గారు కూడా వదిలారు. ఆయన ఎప్పుడు వచ్చి కూర్చున్నారో ఆమెకి తెలియనే లేదు.

దిగి వచ్చేటప్పుడు నాహిద్ మోడు దగ్గర కాసేపు నిలబడింది. ఆ చెట్టు మాత్రం తిరిగి రాదు.

*

ఆ రాత్రి అన్నం తింటూ తింటూనే నాహిద్ కళ్ళు మూతలు పడ్డాయి. గ్లోరికి ఫోన్ చేసి అంతా చెప్పడం అయిపోయింది. “నువ్వు చెప్పింది నేను వినుంటే బాగుండేది,” అంటే, గ్లోరి “పిల్లలు ఏం రంగు?” అని అడిగింది. అంతకుమించి ఒక్క మాట దెప్పలేదు.

దాదీ పక్క వేసింది. నాహిద్ పడుకోలేదు.

“అమ్మీ, ఫోన్ ఇవ్వు. వినీల టీచర్‌కి చెయ్యాలి.”

“ఇప్పుడా? నిద్రకి తూలుతున్నావ్. సోమవారం బళ్ళో చెబుదువుగానిలే.”

“వద్దమ్మీ. ఇప్పుడే చెబుతా.”

అమ్మీ అబ్బాకేసి చూసింది. అబ్బా తల ఊపాడు. నాహిద్ ఫోన్ తీసుకుని మంచం అంచున కూర్చుంది.

“టీచర్, నేను నాహిద్‌ని. నా పేరు పక్కన స్టార్ కొట్టెయ్యండి. గ్లోరిది ఉంచండి... చెబుతా టీచర్. మొదటినుంచి చెబుతా.”

దాదీ లేచింది. వీధిలోంచి ఒక ఆటో పాటలు పెట్టుకుని పోతోంది. ఆ చప్పుడు లోపలికి రాకుండా తలుపు దగ్గరికి లాగి, గడియ కూడా వినపడకుండా మెల్లగా వేసింది.